జేబులో తెల్లకాగితం



చేతికందే దూరంలో ఒక గ్లాసు ఉంటే తెచ్చి ఎదురుగా పెట్టుకోండి. స్టీలుదైనా గాజుదైనా సరే, అదీ లేకపోతే చెంబయినా చాలు. ఇప్పుడు దాని అంచు చూడండి. ఆ అంచు గుండ్రమని మీకు తెలుసు. వేలు పెట్టి తిప్పితే గుండ్రంగానే తిరుగుతుంది. మరి మీరు కూర్చున్న చోటు నుంచి కంటికి గుండ్రంగా కనిపిస్తోందా? లేదు. పక్కలకు సాగి, పైనా కిందా నొక్కుకుపోయిన సున్నాలా కనిపిస్తోంది. తల కొంచెం దించండి, ఆ సున్నా సన్నబడుతుంది. ఇంకా దించి, కన్ను అంచుకు సమానంగా తెస్తే అది ఒట్టి గీత. లేచి నిలబడి నేరుగా పైనుంచి చూస్తేనే అది పూర్తి గుండ్రం.

గ్లాసు బొమ్మ గీయమంటే చాలామంది పైన గుండ్రంగా గీసి, అడుగున తిన్నని గీత పెడతారు. గ్లాసు బల్ల మీద తిన్నగా నిలబడిందని వాళ్ళకు తెలుసు, అందుకని తిన్నని గీత. నిజానికి అడుగు అంచు పై అంచు కంటే ఎక్కువ వంపుతో కనిపిస్తుంది. అది కంటికి ఇంకా కిందుగా ఉంది కదా. ఆ వంపు మన ఎదురుగానే ఉన్నా, మనసుకు తెలిసిన సంగతి దాన్ని కప్పేస్తుంది. బొమ్మలు నేర్చుకోవడంలో ఉన్న కష్టం చాలావరకు ఇదే. చెయ్యి తిరగకపోవడం ఆ తర్వాతి సంగతి.

నేను ముప్ఫై ఏళ్ళు డ్రాయింగు మాస్టారుగా పనిచేశాను. లోయర్, హయ్యర్ పరీక్షలు పాసై, టెక్నికల్ టీచర్స్ సర్టిఫికెట్ తెచ్చుకుని జిల్లా పరిషత్తు ఉన్నత పాఠశాలలో చేరాను. నల్లబల్ల మీద మామిడికాయ గీసేవాణ్ణి, పిల్లలు చూసి గీసేవాళ్ళు. తామరపువ్వు, చిలుక, గుడిసె, గుడిసె పక్కన కొబ్బరిచెట్టు, రెండు కొండల నడుమ సూర్యుడు. ఏడాదికేడాది అవే. ఆ పాఠశాల వెనక నిజమైన మామిడిచెట్టు ఉండేది. కాయలు తొడిమ దగ్గర ఎలా వంగుతాయో, గుత్తిలో ఒకదాని వెనక ఒకటి ఎలా దాక్కుంటాయో అక్కడే కనిపించేది. మొదటి పదేళ్ళలో ఒక్కసారి కూడా పిల్లల్ని ఆ చెట్టు దగ్గరికి తీసుకెళ్ళలేదు. ఆ బాధ నాకు ఇప్పటికీ ఉంది. ఈ సాయంత్రం మీతో మాట్లాడాలనుకోవడానికి ఒక కారణం అదే.

నా పద్ధతి మారడానికి కారణం ఒక చిత్రకారుడి గది. ఆయన విజయవాడలో ఉండేవారు, వారపత్రికల్లో కథలకు బొమ్మలు వేసేవారు. మా పాఠశాల వార్షికోత్సవం పని మీద ఒక ఆదివారం ఆయన దగ్గరికి వెళ్ళాను. చిన్న గది. కిటికీ పక్కన వాలుబల్ల, దాని మీద ఇండియన్ ఇంకు సీసా, కలాలు. గోడ అలమరలో పుస్తకాలుంటాయనుకున్నాను. తీరా చూస్తే అన్నీ తెల్లకాగితాల నోటు పుస్తకాలు. కొన్ని పాత చిట్టా పుస్తకాలు, కొన్ని పిల్లలు సగం రాసి వదిలేసిన లాంగ్ నోట్సులు, కొన్ని ఆయనే సూదీ దారంతో కుట్టుకున్నవి. ఒకటి తీసి నా చేతిలో పెట్టి, "చూస్తూ ఉండండి మాస్టారూ, ఈ బొమ్మ ముగించి వస్తాను" అన్నారు.

తెరిచాను. పూర్తయిన బొమ్మ ఒక్కటీ కనిపించలేదు. మొదటి నాలుగైదు పేజీల నిండా చేతులే. రిక్షా హ్యాండిలు పట్టుకున్న చెయ్యి, బీడీ చుడుతున్న చెయ్యి, బియ్యంలో రాళ్ళేరుతున్న చెయ్యి, చంటిపిల్లాడి వీపు నిమురుతున్న చెయ్యి. తర్వాత ఒక పేజీలో ఒకే ముసలాయన ఏడుసార్లు కూర్చుని ఉన్నాడు. ఏడింటిలో ఐదు సగంలో ఆగిపోయాయి. ఒకచోట రెండు గీతల్లో ఆవు వెన్ను. పక్కన చిన్న అక్షరాలతో "ఎడమ భుజం దిగింది", "నీడ మెడ మీద ఆగింది" అని రాతలు. ప్రతి పేజీ అడుగున తేదీ, ఊరి పేరు.

ఆయన వచ్చాక, "ఇవన్నీ ఎప్పటికి పూర్తి చేస్తారండీ?" అని అడిగాను. "పూర్తి చేయడానికి కాదండీ. చూసింది పోకుండా పెట్టుకున్నాను, అంతే" అన్నారు. ఆ వారం కథకు వేస్తున్న బొమ్మ చూపించారు. మంచం పట్టె మీద కూర్చుని కొంగుముడి విప్పి చిల్లర లెక్కపెట్టుకుంటున్న ఒక ఇల్లాలు. మరో నోటు పుస్తకం తీసి, ఆరేళ్ళ కిందటి ఒక పేజీ తెరిచారు. రైల్వే స్టేషన్లో పెట్టె మీద కూర్చున్న ఒకావిడ, అదే మెడ వంపు, అవే మోచేతులు. కథ చదవగానే ఆవిడ గుర్తొచ్చిందట. ఒకసారి కళ్ళతో చూసి చేత్తో గీసిన మనిషి కాబట్టి ఆరేళ్ళయినా పోలేదు.

అప్పటి నుంచి ఆదివారాల్లో ఆయన దగ్గరికి వెళ్ళేవాణ్ణి. ఆయన నాకు పాఠమంటూ ఏదీ చెప్పలేదు. తన నోటు పుస్తకాలు చూడనిచ్చారు, నా నోటు పుస్తకం చూశారు. నేర్చుకోవడమంతా ఆ రెండింటిలోనే జరిగింది.

ఆయన హైదరాబాదు లలితకళల కళాశాలలో చదివారు. అక్కడ కొండపల్లి శేషగిరిరావు గారు బోధించేవారు. శేషగిరిరావు గారిది వరంగల్లు ప్రాంతంలోని పెనుగొండ. శాంతినికేతన్ వెళ్ళి నందలాల్ బోస్ దగ్గర చిత్రకళ అభ్యసించి వచ్చారు. అలా శాంతినికేతన్ అలవాటొకటి హైదరాబాదు మీదుగా విజయవాడలోని ఆ చిన్న గదికి చేరింది. నందలాల్ పేరు నేను పుస్తకాల్లో చదవకముందే ఆ గదిలో విన్నాను. తర్వాత వెతుక్కుని చదివాను.

నందలాల్ బోస్ 1882లో ఇప్పటి బీహారులోని ఖరగ్‌పూర్‌లో పుట్టారు. చిన్నప్పుడు మట్టిబొమ్మలు చేసేవాళ్ళ దగ్గర కూర్చుని చూడడమే ఆయన తొలి చదువు. కలకత్తాలో అవనీంద్రనాథ్ ఠాకూర్‌కు శిష్యుడయ్యారు. 1909-10 శీతకాలంలో లేడీ హెరింగ్‌హామ్ అనే ఆంగ్ల చిత్రకారిణి అజంతా కుడ్యచిత్రాలకు నకళ్ళు తీయిస్తున్నప్పుడు అవనీంద్రుడి శిష్యులు కొందరు అక్కడికి వెళ్ళారు, వాళ్ళలో ఈయన ఒకరు. గుహల మసకవెలుతురులో ఒక్కో బొమ్మ ముందు గంటల కొద్దీ కూర్చోవాలి. వేలి కొన ఎక్కడ వంగింది, కనురెప్ప ఎక్కడ మొదలై ఎక్కడ ముగిసింది అని గీతను వెంటాడాలి. నకలు తీయడమంటే తక్కువ పని అనుకుంటాం గానీ, అలా చేస్తే అది కూడా చూడడం నేర్పే పనే.

రవీంద్రుడు 1919లో శాంతినికేతన్‌లో కళాభవన్ స్థాపించాడు. దాని బాధ్యత నందలాల్ మీద పెట్టాడు. 1951లో విరమించేదాకా ఆయనే దానికి పెద్ద దిక్కు. విద్యార్థులకు ఆయన "మాస్టర్ మొశాయ్". ఆ మాస్టారి అలవాటు గురించి చెప్పాలనే ఇంతదూరం వచ్చాను.

ఆయన పోస్టుకార్డు పాటి చిన్న కార్డులు ఎప్పుడూ దగ్గర ఉంచుకునేవారు. నడకకు వెళ్ళినా, ప్రయాణంలో ఉన్నా, ఎవరి కోసమైనా ఎదురుచూస్తున్నా ఒక కార్డు తీసి ఎదురుగా ఉన్నది గీసేవారు. తాటిచెట్టు, మేక, బండి తోలుతున్న సంతాల్ గిరిజనుడు, నీళ్ళ కుండ, గాలివానకు వాలిన గడ్డి. కొన్నింటి వెనక నాలుగు మాటలు రాసి, చిరునామా వేసి శిష్యులకూ స్నేహితులకూ పోస్టు చేసేవారు. ఉత్తరమూ అదే, బొమ్మా అదే. అప్పటికే దేశమంతా పేరున్న చిత్రకారుడు. ఆయనకు ఆ అభ్యాసం అవసరమా అని ఎవరికైనా అనిపించవచ్చు. సంగీత విద్వాంసుడు కచేరీలు చేసే రోజుల్లో కూడా తెల్లవారుజామున సాధకం మానడు. ఇదీ అలాంటిదే. ఆయన చిత్రాలు ఈనాడు ఢిల్లీలోని నేషనల్ గ్యాలరీ ఆఫ్ మోడర్న్ ఆర్ట్‌లో వేల సంఖ్యలో ఉన్నాయి. వాటిలో పెద్ద పెద్ద చిత్రాల పక్కనే ఇలాంటి చిన్న కార్డులూ ఉన్నాయి.

విద్యార్థులను నాలుగు గోడల మధ్య నమూనా మనిషి ముందు కూర్చోబెట్టడం కంటే ఆరుబయటికి పంపడమే ఆయనకు ఇష్టం. శాంతినికేతన్ చుట్టూ ఎర్రమట్టి నేల, వానకు కోసుకుపోయిన గండ్లు, కోపాయ్ నది, సంతాల్ పల్లెలు. వెళ్ళి చూడాలి. కొన్నిసార్లు చూసి వచ్చి, కాగితం ముందు కూర్చుని జ్ఞాపకం నుంచి గీయాలి. ఈ రెండోది నేను మా పిల్లలతో చేయించి చూశాను. చెట్టును రెండు నిమిషాలు చూడమని, వెనక్కి తిప్పి గీయమంటే మొదటిరోజు అందరూ ఒకే చెట్టు గీశారు, అదే నల్లబల్ల మీది చెట్టు. మూడోరోజుకు ఒక అమ్మాయి, "సార్, ఇంకొక్కసారి చూసొస్తానండీ, రెండో కొమ్మ ఎటు తిరిగిందో మర్చిపోయాను" అంది. ఆ అమ్మాయి ఆ క్షణంలో బొమ్మలు నేర్చుకోవడం మొదలుపెట్టిందని నాకు తెలిసింది. ఏం చూడలేదో తెలిసిరావడమే అన్నిటికంటే కష్టం.

సత్యజిత్ రాయ్ సినిమా దర్శకుడు కాకముందు 1940 నుంచి రెండేళ్ళపాటు కళాభవన్‌లో చదివాడు. మాస్టర్ మొశాయ్ చెప్పిన ఒక సంగతిని ఆయన తర్వాత కాలంలో తలుచుకున్నాడు. చెట్టును పైనుంచి కిందికి గీయవద్దు, నేలలోంచి పైకి గీయాలి, ఎందుకంటే చెట్టు పెరిగేది కింది నుంచి పైకి. వినడానికి చిన్న సూచన. చేసి చూడండి. తాటిచెట్టు మొదలు దగ్గర కలం ఆనించి పైకి తీసుకుపోతే చెయ్యి ఆ బరువు మొయ్యాల్సి వస్తుంది, పైకి పోయేకొద్దీ గీత సన్నబడుతుంది, మట్ట దగ్గరికి వచ్చేసరికి చెయ్యి దానంతటదే విచ్చుకుంటుంది. పైనుంచి కిందికి లాగితే అది స్తంభం అవుతుంది. చెట్టు ఎలా ఉందో చూడడం ఒకటి, చెట్టు ఏం చేస్తోందో చూడడం మరొకటి. నందలాల్ పిల్లలకు రెండోది నేర్పారు.

ఆ చదువు రాయ్‌తో జీవితాంతం ఉంది. ఆయన కోర్సు మధ్యలోనే వదిలి కలకత్తా వెళ్ళిపోయాడు, ప్రకటనల కంపెనీలో చేరాడు. కానీ సినిమాలు తీసేటప్పుడు బెంగాలీ వర్తకులు లెక్కలు రాసుకునే ఎర్రగుడ్డ అట్ట ఖాతా పుస్తకాల్లో దృశ్యాలు, దుస్తులు, ముఖాలు గీసుకునేవాడు. పథేర్ పాంచాలికి పూర్తి స్క్రిప్టంటూ లేదు, బొమ్మలే స్క్రిప్టు. మన బాపు గారూ అంతే. సినిమా తీసేముందు దృశ్యాలను బొమ్మల్లో గీసిపెట్టుకునేవారు. లా చదివిన మనిషి, చిత్రకళాశాల మెట్లెక్కలేదు. అయినా తెలుగువాళ్ళు గోడమీద గీతను చూసి ఎవరిదో చెప్పగలిగేంత సొంత గీత ఆయనకు అబ్బింది. అది రోజూ గీస్తే తప్ప రాదు.

1938 ఫిబ్రవరిలో గుజరాత్‌లోని హరిపురలో కాంగ్రెసు మహాసభ జరిగింది. సుభాష్ చంద్రబోసు అధ్యక్షుడు. సభాప్రాంగణాన్ని పల్లె ప్రజలకు అర్థమయ్యే బొమ్మలతో అలంకరించమని గాంధీజీ నందలాల్‌ను కోరారు. నందలాల్, ఆయన శిష్యులు కలిసి దాదాపు 400 బొమ్మలు సిద్ధం చేశారు. వాటిలో 80కి పైగా ఆయన స్వహస్తంతో వేసినవి. డోలు వాయించేవాడు, చెప్పులు కుట్టేవాడు, వడ్రంగి, మజ్జిగ చిలికే తల్లి, కుస్తీ పట్టేవాళ్ళు, ఆవు, దూడ. నాలుగైదు బలమైన గీతలు, నాలుగు మట్టిరంగులు. వాటిని చూసినప్పుడల్లా నాకు ఒకటే అనిపిస్తుంది. అంత తక్కువ వ్యవధిలో, అంత ధైర్యంగా కుంచె ఆడడానికి వెనక ఎన్ని వందల కార్డులుండాలి! డోలు వాయించేవాడి మెడ ఎటు వాలుతుందో అప్పటికప్పుడు ఆలోచించి వేసింది కాదు. ఏనాడో ఏ సంతలోనో చూసి, చేతికి ఎక్కించుకున్నది.

జపాను కళాతత్వవేత్త ఒకాకురా నందలాల్‌కు చెప్పిన ఒక మాట కూడా ఇక్కడ పనికొస్తుంది. మూడు అగ్గిపుల్లలు త్రికోణంగా పేర్చి, ఒకటి ప్రకృతి, ఒకటి సంప్రదాయం, ఒకటి సొంత ఊహ, మూడింటిలో ఏది తీసినా కళ నిలబడదు అన్నాడట. ప్రకృతి ఆ కార్డుల్లో ఉంది. సంప్రదాయం అజంతాలో దొరికింది. మూడోది ఎవరూ ఎవరికీ నేర్పలేరు. కానీ మొదటి రెండూ చేతిలో ఉన్నవాడికి అది ఏదో ఒక రోజు వచ్చి తలుపు తడుతుందని నా నమ్మకం.

ఆ జపానులోనే హొకుసాయ్ అనే చిత్రకారుడు 1814లో తన స్కెచ్చులను అచ్చు వేయించాడు. శిష్యులు చూసి నేర్చుకోవడానికి వేసిన పుస్తకం అది. కప్పలు, వంతెనలు, స్నానం చేసే లావుపాటి మనుషులు, తుఫానులో గొడుగు తిరగబడ్డవాడు. జనం ఎగబడి కొనడంతో ఒకదాని తర్వాత ఒకటి మొత్తం 15 సంపుటాలు వచ్చాయి, చివరివి ఆయన పోయాక వెలువడ్డాయి. దొరికితే తప్పకుండా చూడండి. ఒక నిపుణుడి స్కెచ్చు పుస్తకం చూడడం వల్ల ఉన్న మేలు ఇది. పూర్తయిన చిత్రం ముందు నిలబడితే, మనవల్ల అవుతుందా అని భయమేస్తుంది. స్కెచ్చు పుస్తకంలో ఆయన ఎక్కడ మొదలుపెట్టాడో, ఎక్కడ తప్పు వేసి దాని పక్కనే మళ్ళీ వేశాడో, దేన్ని వదిలేశాడో కనిపిస్తుంది.

ఇదంతా మనది కాదు, ఎక్కడో బెంగాలులో, జపానులో అనుకోకండి. మా అమ్మకు ఒక నోటు పుస్తకం ఉండేది. ముగ్గుల పుస్తకం. పక్కింట్లో కొత్త ముగ్గు చూస్తే అందులో వేసి పెట్టుకునేది. పక్కన "15 చుక్కలు, 8 వచ్చేవరకు, సందు చుక్క" అని రాసుకునేది. ధనుర్మాసం నెలరోజులూ తెల్లవారుజామున, మంచులో, కిరోసిన్ దీపం వెలుగులో వాకిట్లో వంగి ఆ మెలికలు తిప్పేది. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పిండి జారే వేగమే గీత లావు. పొరపాటు పడితే చెరిపే వీలు లేదు, ఆ పొరపాటును ఒక రేకుగానో మెలికగానో మలుచుకోవాలి. పొద్దెక్కేసరికి బండ్లు తొక్కుతాయి, మర్నాడు మళ్ళీ కళ్ళాపి, మళ్ళీ ముగ్గు. ఆమెను ఎవరూ చిత్రకారిణి అనలేదు. నేనూ అనలేదు. నందలాల్ మాత్రం బెంగాలీ ఆడవాళ్ళు నేల మీద వేసే ఆల్పనను కళాభవన్‌లోకి గౌరవంగా తీసుకొచ్చి, సుకుమారీ దేవి చేత విద్యార్థులకు నేర్పించారు. అది చదివిన రోజున అమ్మ ముగ్గుల పుస్తకం కోసం ఇల్లంతా వెతికాను. దొరకలేదు.

శ్రీకాళహస్తి కలంకారీ పని చూసినవాళ్ళకు ఇంకో సంగతి తెలుస్తుంది. కరక్కాయ, పాలు పట్టించి ఆరబెట్టిన గుడ్డ మీద మొదట చింతపుల్ల బొగ్గుతో లేతగా గీసుకుంటారు. తర్వాత వెదురు కలంతో నల్లరంగు వేస్తారు. ఆ రంగు తుప్పు పట్టిన ఇనుప ముక్కల్ని బెల్లం నీళ్ళలో రోజుల తరబడి నానబెట్టి తీసింది. గుడ్డలోని కరక్కాయ వగరు తగలగానే ఆ ద్రవం నల్లబడి పట్టేస్తుంది. చెరపడమన్న మాటే లేదు. అందుకే అక్కడ చెయ్యి తడబడదు. ఆ చేతికి ఆ ధైర్యం వేల గీతల తర్వాత వచ్చింది.

రబ్బరు సంగతికి వస్తాను. పిల్లలకు డ్రాయింగు పుస్తకం కొనిచ్చేటప్పుడు పెన్సిలుతో పాటు రబ్బరు కూడా కొంటాం. నా అనుభవంలో నేర్చుకునేవాడికి అదే పెద్ద అడ్డు. ఒక గీత వేస్తాడు, నచ్చదు, చెరుపుతాడు, మళ్ళీ అదే తప్పు గీత అదే చోట వేస్తాడు. మొదటి గీత కళ్ళ ముందు ఉంటేనే కదా రెండోది దాన్నుంచి ఎంత తప్పుకోవాలో తెలిసేది! తప్పు గీతను ఉండనివ్వండి. దాని పక్కనే ఇంకోటి వేయండి. అందుకే నేను మొదలుపెట్టేవాళ్ళకు బాల్‌పెన్నే ఇస్తాను. పెన్సిలే కావాలంటే 2బి, అది మెత్తగా నల్లగా పడుతుంది. పుస్తకం ఖరీదైనది వద్దు. మంచి కాగితమున్న ఖరీదైన పుస్తకం చూస్తే చెయ్యి బిగుసుకుంటుంది, ఏదో గొప్పది గీయాలనిపిస్తుంది. స్టేషనరీ దుకాణంలో రూళ్ళు లేని నోటు పుస్తకం ఉంటుంది, చొక్కా జేబులోనో చేతిసంచిలోనో పట్టేంత చిన్నది చాలు.

ఇక ఏం గీయాలి? మీ చుట్టూ ఒకే పని పదేపదే చేస్తున్న మనుషులను చూడండి. ఇది ఆ విజయవాడ చిత్రకారుడి దగ్గర నేర్చుకున్న మెలకువ. కదిలే మనిషిని ఎలా గీస్తామని భయపడతాం. కానీ ఇస్త్రీ చేసేవాడు ప్రతి చొక్కాకూ ఒకేలా వంగుతాడు. దోసెలు పోసేవాడి మోచెయ్యి ప్రతి దోసెకూ అదే చుట్టు తిరుగుతుంది. ఒకే పేజీ మీద మూడు నాలుగు భంగిమలు మొదలుపెట్టి ఉంచుకోండి. అతను ఏ భంగిమలోకి వస్తే ఆ బొమ్మకు ఒక గీత కలపండి. అరగంటలో నాలుగూ నిలబడతాయి. ఆర్టీసీ బస్టాండులో కూర్చుని ఇది ఎన్నిసార్లు చేశానో లెక్కలేదు. ఎవరైనా గమనించి దగ్గరికి వస్తే దాచకండి, చూపించండి. మనుషులు తమను ఒకరు అంత శ్రద్ధగా చూశారంటే సంతోషిస్తారు. వద్దంటే మాత్రం ఆపేయండి.

జంతువుల దగ్గర ఇంకా నేర్చుకోవచ్చు. పడుకున్న గేదె లేచేటప్పుడు ముందు ఏ కాళ్ళు లేపుతుంది? పల్లెటూళ్ళో పుట్టిన నాకు నలభై ఏళ్ళ వయసు దాకా తెలియదు. వెనక కాళ్ళు లేపుతుంది, అప్పటికి ముందుకాళ్ళు ఇంకా మోకాళ్ళ మీదే ఉంటాయి. గుర్రం అలా లేవదు, ముందుకాళ్ళు చాచి లేస్తుంది. రోజూ కళ్ళ ముందు జరిగిన సంగతి. గీయబోయినప్పుడే కనిపించింది.

ఫోన్లో ఫొటో తీసుకుని ఇంటికెళ్ళి గీస్తే సరిపోదా అని నా శిష్యులు అడుగుతుంటారు. సరిపోదని నా గట్టి అభిప్రాయం. ఫొటోలో గ్లాసు అంచు ఎంత నొక్కుకుపోవాలో కెమెరా ముందే తేల్చేసి ఉంటుంది. మనం ఆ కొలత తెచ్చి పెట్టుకుంటాం. తేల్చడమే మన పని అయినప్పుడు, ఆ పని ఇంకొకరికి అప్పగిస్తే మనకు మిగిలేదేమిటి? పైగా ఫొటోలో గేదె లేవదు, లేచిన గేదె మాత్రమే ఉంటుంది. వృత్తిలో ఉన్న చిత్రకారులు ఫొటోలు వాడతారు, నిజమే. వాళ్ళు చూడడం ముందే నేర్చుకున్నవాళ్ళు.

తల్లిదండ్రులకు ఒక మనవి. పిల్లల స్కెచ్చు పుస్తకం లాక్కుని చుట్టాలకు చూపించకండి. "బాగుంది" అనే మాట కూడా ఆ వయసులో ఒక బరువే. రేపు కూడా బాగుండేదే గీయాలని చూస్తారు, వచ్చిన బొమ్మే మళ్ళీ మళ్ళీ వేస్తారు. దానికి బదులు "ఇది ఎక్కడ చూశావు?" అని అడగండి. వాళ్ళు చెప్పడం మొదలుపెడితే ఆపరు. పెద్దయ్యాక మొదలుపెట్టేవాళ్ళకూ ఇదే వర్తిస్తుంది. ఉద్యోగ విరమణ తర్వాత నా దగ్గర నేర్చుకున్న ఒక బ్యాంకు అధికారి మొదటి నెలంతా తన పుస్తకం నాకు కూడా చూపించలేదు. రెండో నెల తెచ్చారు. ముప్ఫై పేజీల్లో ముప్ఫై కాఫీ గ్లాసులు. మొదటి పేజీలో అడుగున తిన్నని గీత ఉంది. పద్దెనిమిదో పేజీలో అది వంగింది. ఆయనకు ఎవరూ చెప్పలేదు.

మీ ఎదురుగా పెట్టుకున్న గ్లాసు ఇంకా అక్కడే ఉంటే దాన్ని తీసేయకండి. ఒక కాగితం, ఒక కలం తెచ్చుకోండి. అడుగు అంచు దగ్గర కలం ఆనించి, చూస్తూ, నెమ్మదిగా పైకి గీయండి. రెండు నిమిషాలు చాలు. ఎలా వచ్చినా చెరపకండి, చింపకండి, ఈ నెలంతా ఎవరికీ చూపించకండి. కాగితం అడుగున ఈ రోజు తేదీ వేయండి.